రెండవ అక్షరాస్యత

భిలాయి పేరు వినగానే ఎవరికైనా మొదట స్ఫురించేది ఉక్కు. 1955 ఫిబ్రవరిలో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందం ఫలితంగా అక్కడ కర్మాగారం రూపుదాల్చింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. కర్మాగారంతోపాటు సెక్టర్లుగా విభజించిన టౌన్‌షిప్పూ పెరిగింది. దేశం నలుమూలల నుండి వచ్చినవారు ఆ క్వార్టర్లలో కాపురాలు పెట్టారు. తెలుగు కుటుంబాలు కూడా వారిలో ఉన్నవి. సెక్టర్ 6 వంటి చోట ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, బడిలో ఇంగ్లీషు వింటూ పెరిగే పిల్లలకు మూడు భాషలు సహజంగానే అబ్బుతాయి. ఇప్పుడు నాలుగవ భాష ఒకటి వారిని పిలుస్తున్నది. అది కంప్యూటర్‌కు పని చెప్పే భాష.

ఆ భాషలో పిల్లల ప్రావీణ్యాన్ని పరీక్షించే పోటీలు నేడు ప్రపంచమంతటా జరుగుతున్నవి. వాటికి మూలమైన ఆలోచన, భిలాయి కర్మాగారం వలెనే, తూర్పు ఐరోపా దిక్కు నుండి వచ్చింది. సోవియట్ శాస్త్రవేత్త ఆంద్రేయ్ యెర్షోవ్ 1981లో లొసాన్ నగరంలో చేసిన ప్రసంగానికి ‘ప్రోగ్రామింగ్ – రెండవ అక్షరాస్యత’ అని పేరు పెట్టాడు. చదవడం, వ్రాయడం ఒకప్పుడు కొద్దిమంది విద్య. అచ్చుయంత్రం వచ్చిన తరువాత అది అందరి అవసరమైంది. కంప్యూటర్ వచ్చిన తరువాత ప్రోగ్రాము వ్రాయడం కూడా అట్లాగే అవుతుందని అతని వాదం. 1985లో సోవియట్ పాఠశాలల్లో ఈ పాఠం ప్రారంభమైనప్పుడు అనేక బడులకు కంప్యూటర్లే లేవు. పిల్లలు కాగితం మీద, పెన్సిలుతోనే ప్రోగ్రాములు నేర్చుకున్నారు.

1987లో బల్గేరియా గణిత శాస్త్రవేత్త బ్లగొవెస్త్ సెందొవ్ యునెస్కో సమావేశంలో పాఠశాల విద్యార్థులకు అంతర్జాతీయ పోటీని ప్రతిపాదించాడు. మొదటి అంతర్జాతీయ ఇన్ఫర్మేటిక్స్ ఒలింపియాడ్ 1989లో ఆ దేశంలోనే ప్రవెత్స్ పట్టణంలో జరిగింది. 13 దేశాల నుండి 46 మంది వచ్చారు. ప్రవెత్స్ కూడా ఒక పారిశ్రామిక పట్టణమే. ఆ పేరుతోనే బల్గేరియా కంప్యూటర్లు తయారయ్యేవి.

భారతదేశంలో పాఠశాలలకు కంప్యూటర్‌ను పరిచయం చేసే ‘క్లాస్’ పథకం 1984లోనే మొదలైనా, మన పిల్లలు ఈ ఒలింపియాడ్‌లో మొదటిసారి అడుగుపెట్టింది 2002లో, దక్షిణ కొరియాలో. ప్రతి దేశం నలుగురిని పంపవచ్చు. రెండు రోజులు, రోజుకు ఐదు గంటలు, మూడేసి సమస్యలు. ఎవరికి వారే పరిష్కరించాలి. మన దేశంలో ఎంపికకు ఏళ్ల తరబడి అనుసరించిన పద్ధతిలో ఒక విశేషమున్నది. మొదటి మెట్టు వ్రాతపరీక్ష. దానికి కంప్యూటర్ అక్కరలేదు, ప్రోగ్రామింగ్ రానక్కరలేదు, తార్కికంగా ఆలోచించగలిగితే చాలు. ఇంట్లో యంత్రం లేని పిల్లవానికి కూడా తలుపు తెరిచి ఉంచే పద్ధతి అది.

ఆ ఆలోచన ఎటువంటిదో భిలాయికి అలవాటైన వస్తువుతోనే చెప్పవచ్చు. వేయి రైలుపట్టాలను పొడవు క్రమంలో పేర్చి ఉంచారనుకుందాం. వాటిలో ఒక నిర్ణీతమైన పొడవు గలది ఉన్నదా, లేదా తేల్చాలి. ఒక్కొక్కటే కొలుచుకుంటూ పోతే వేయిసార్లు కొలవవలసి రావచ్చు. మధ్యనున్న పట్టాను కొలిస్తే సగం పట్టాలను అక్కడికక్కడే తోసిపుచ్చవచ్చు. మిగిలిన సగంలో మళ్లీ మధ్యది. ఇట్లా చేస్తే పదిసార్లకు మించి కొలవనక్కరలేదు. పట్టాలు పది లక్షలున్నా ఇరవైసార్లు చాలు. పోటీలో పరీక్షించేది ఈ చూపును. కంప్యూటర్ వేగం దీనికి తోడు మాత్రమే.

రెండవ రకం పోటీ వేరు. ఇందులో విద్యార్థి ఒక యాప్‌ను ఊహించి, రూపకల్పన చేసి, పనిచేయించి చూపాలి. అమెరికా ప్రతినిధుల సభ 2013లో తీర్మానించి ఏర్పరచిన ‘కాంగ్రెషనల్ యాప్ ఛాలెంజ్’ ఇటువంటిది. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలు కూడా ఇటువంటి పోటీలకు ఉత్సాహంగా సిద్ధమవుతున్నారు. మన దేశంలో నీతి ఆయోగ్ 2016 నుండి పాఠశాలల్లో నెలకొల్పిన అటల్ టింకరింగ్ ప్రయోగశాలలు ఈ విద్యకు చోటు కల్పించాయి. మధ్యమ దశ నుండే కోడింగ్ నేర్పాలని 2020 నాటి జాతీయ విద్యావిధానం సూచించింది.

ఒలింపియాడ్ సమస్యను ఎవరో ఇస్తారు. యాప్ పోటీలో సమస్యను వెదుక్కోవలసింది విద్యార్థే. దానికి దూరం పోనక్కరలేదు. తండ్రి షిఫ్టు మారుతూ ఉంటుంది, తల్లి ఉద్యోగానికి వెళ్తుంది. మందులు వేళకు వేసుకోవలసిన నాయనమ్మ ఒక్కతే ఇంట్లో ఉంటుంది. ఆమెకు చదవ వచ్చినది తెలుగు ఒక్కటే. మనుమరాలికి తెలుగు మాట్లాడడం వచ్చునుగాని చదవడం రాదు. ఆ బాలిక మందుల వేళలు గుర్తుచేసే యాప్ తయారుచేయబూనితే మొదట నేర్వవలసింది నాయనమ్మ కళ్లతో చూడడం. అక్షరం ఎంత పెద్దది కావాలి? వేలు వణికితే మీట తప్పిపోదా? ‘సేవ్’ అంటే ఆమెకు అర్థమవుతుందా? ఈ ప్రశ్నలకు జవాబు ఏ ప్రోగ్రామింగ్ పుస్తకంలోనూ దొరకదు, నాయనమ్మ పక్కన కూర్చుంటే దొరుకుతుంది.

లిపి విషయంలో ఏమరుపాటు ఎంత అనర్థమో 2018 ఫిబ్రవరిలో లోకానికి తెలిసింది. ‘జ్ఞా’ అనే తెలుగు అక్షరం సందేశంలో వస్తే చాలు, ఐఫోన్లలో కొన్ని యాప్‌లు కుప్పకూలిపోయాయి. దోషాన్ని కంపెనీ ఆ నెలలోనే సవరించింది. జ్ఞానానికి ఆద్యక్షరమే ఇంత ఘనమైన యంత్రాన్ని కలవరపెట్టింది! మన భాషలో ప్రతి సంయుక్తాక్షరాన్ని పరీక్షించి చూసుకొనేవారు ఎందుకు కావాలో దీనివల్ల తెలుస్తున్నది.

ఇన్ని సుగుణాలున్నా, ఈ పోటీలకు భిలాయి వంటి ఊరిలో కాలం దొరకడమే కష్టం. ఐ.ఐ.టి. ప్రవేశపరీక్షల్లో పేరు తెచ్చుకున్న ఊరది. 2016లో ప్రారంభమైన భిలాయి ఐ.ఐ.టి. సొంత ప్రాంగణాన్ని 2024 ఫిబ్రవరి 20న జాతికి అంకితం చేశారు. లక్ష్యం కళ్లెదుటే ఉన్నప్పుడు, మార్కులు రాని పనికి సాయంత్రాలు వెచ్చించమని చెప్పడానికి ఏ తల్లిదండ్రులకైనా మనసొప్పడం సులభం కాదు. వారి భయం అర్థం లేనిదీ కాదు. క్వార్టరు ఉద్యోగం ఉన్నంతకాలమే, పిల్లల చదువే వారు కూడబెట్టుకొనే ఆస్తి.

మరొక చిక్కు కూడా ఉన్నది. అడిగినంతలో ప్రోగ్రాము వ్రాసిచ్చే కృత్రిమ మేధ 2022 చివరి నుండి సామాన్యులకు అందుబాటులోకి వచ్చింది. పెద్దలు చేసిపెట్టిన పనిని పిల్లలు చూపడం పాత బెడద, యంత్రం చేసిన పనిని చూపడం కొత్త బెడద. రెండింటికీ విరుగుడు ఒక్కటే. ‘ఈ పంక్తి ఎందుకు వ్రాశావు? తీసివేస్తే ఏమవుతుంది?’ అని న్యాయనిర్ణేత ఎదుట కూర్చోబెట్టుకొని అడగడం. తాను చేసిన పిల్లవాడు జవాబు చెప్పగలడు. పొరపాటు ఎక్కడ చేశాడో, ఎట్లా దిద్దుకున్నాడో కూడా చెప్పగలడు.

బహుమతి పొందేది కొద్దిమందే. అయినా తన ప్రోగ్రాము పదిసార్లు తప్పి పదకొండవసారి సరిగా నడిచినప్పుడు పిల్లలు పొందే నమ్మకం ర్యాంకుల పట్టికకు అందేది కాదు. అక్షరాస్యత ఎన్నడూ పోటీలో నెగ్గినవారి సొత్తు మాత్రమే కాలేదు. మొదటి అక్షరాస్యత పలక మీద దిద్దినవారందరికీ వచ్చింది. రెండవదీ అట్లాగే రావాలంటే, దిద్దుకొనేందుకు పిల్లలకు కొంత తీరిక, తప్పు చేసేందుకు కొంత స్వేచ్ఛ పెద్దలు ఇవ్వగలగాలి.