కృప కొట్టెయ్యని బాకీ

అమలాపురం, రాజోలు, కొత్తపేట చుట్టుపక్కల ఏ బ్రదరన్ మందిరానికి వెళ్లినా, ఆదివారం రొట్టె విరిచే ముందు జరిగే ప్రార్థనల్లో ఒక కృతజ్ఞత తరచూ వినిపిస్తుంది. తాము ధర్మశాస్త్రం కింద ఉన్నవాళ్లం కామని, కృప కింద ఉన్నవాళ్లమని విశ్వాసులు దేవుణ్ని స్తుతిస్తారు. పౌలు రోమా సంఘానికి రాసిన ఈ బోధ గోదావరి డెల్టాకు చేరిన తీరు తెలిస్తే దాని విలువ అర్థమవుతుంది. 1836లో ఇంగ్లండులోని బార్న్‌స్టేపుల్ నుంచి విలియం బౌడెన్, జార్జి బీర్ అనే ఇద్దరు యువకులు భార్యలతో బయలుదేరి వచ్చారు. వాళ్లను ఈ పనికి పిలిచినవాడు ఆంథొనీ నారిస్ గ్రోవ్స్. ఏ మిషనరీ సొసైటీ జీతమూ లేకుండా పాలకొల్లు, నరసాపురం కేంద్రాలుగా వాళ్లు మొదలుపెట్టిన పనే తర్వాత గోదావరి డెల్టా మిషన్ అయింది. 1847లో ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలయ్యాక అక్కడికి చేరిన కూలీల మధ్య కూడా ఈ సువార్త పని సాగింది. దాన్ని చెవిన వేసుకున్నవాళ్లలో ఎక్కువమంది పేటల్లోని మాల కుటుంబాలవాళ్లు. గుడి గడప తొక్కే అర్హత తమకు లేదని తరతరాలుగా విన్నవాళ్లకు, అర్హతతో నిమిత్తం లేని రక్షణ ఒకటుందని తెలియడం చిన్న సంగతి కాదు. ఈ ప్రాంతంలో కృప అనే మాటకున్న బరువు అక్కడి నుంచి వచ్చింది. దాన్ని తేలిక చేసే హక్కు ఎవరికీ లేదు.

అయితే కృప పేరు చెప్పి ధర్మశాస్త్రాన్ని పూర్తిగా మూసిపెట్టే అలవాటు కూడా దానితోపాటే వచ్చింది. బ్రదరన్ తొలి బోధకుల్లో ప్రముఖుడైన జాన్ నెల్సన్ డార్బీ, మోషే ధర్మశాస్త్రం విశ్వాసికి జీవన నియమం కాదని, క్రీస్తే నియమమని గట్టిగా వాదించాడు. రాజమండ్రి వైపు లూథరన్లది మరో పద్ధతి. లూథర్ 1529లో రాసిన చిన్న ప్రశ్నోత్తర గ్రంథం పది ఆజ్ఞలతోనే మొదలవుతుంది. ఒక్కో ఆజ్ఞకూ చేయకూడనిది చెప్పి ఊరుకోడు లూథర్, చేయాల్సినదీ చెబుతాడు. దొంగతనం వద్దంటే, పొరుగువాడి ఆస్తీ జీవనోపాధీ బాగుపడేలా సాయపడమని కూడా అర్థమంటాడు. ఈ రెండు పాయల మధ్య తగువు తీర్చడం నా ఉద్దేశం కాదు. నేను చెప్పదలచింది ఒక్కటే. కృప దేవుడి దగ్గర మన బాకీని కొట్టేసింది. పొరుగువాడికి మనం పడ్డ బాకీని మాత్రం కొట్టెయ్యలేదు. రక్షణ పొందిన మనిషికి నైతిక ధర్మశాస్త్రం ఇప్పుడు ఆ రెండో బాకీ లెక్క చూపిస్తుంది.

దీనికి మొదటి సాక్షి పౌలే. ధర్మశాస్త్రం కింద లేమని చెప్పిన అదే పత్రికలో, పదమూడో అధ్యాయానికి వచ్చేసరికి, ఒకరినొకరు ప్రేమించడం తప్ప ఇంకే అప్పూ పడొద్దని చెబుతూ వ్యభిచారం, నరహత్య, దొంగతనం, దురాశ గురించిన ఆజ్ఞలను వరసగా ఎత్తి చూపిస్తాడు. కొట్టేసిన చట్టాన్ని ఎవరూ అలా ఏకరువు పెట్టరు. రెండో సాక్షి లేవీయకాండం ఆరో అధ్యాయం. పొరుగువాణ్ని మోసం చేసినవాడు, నమ్మి అప్పగించిన సొమ్ము లేదన్నవాడు, దొరికిన వస్తువు గురించి అబద్ధ ప్రమాణం చేసినవాడు ఏం చెయ్యాలో అక్కడుంది. తీసుకున్నది మొత్తం, దాని మీద అయిదో వంతు కలిపి, సొంతదారుడి చేతికి తిరిగివ్వాలి. అపరాధ పరిహారార్థ బలి తెచ్చే రోజే ఆ చెల్లింపూ జరగాలి. బలి అర్పించాను కదా, ఇక సొంతదారుడికి ఇచ్చేదేముందని అడిగే సందు లేదు. కానుక బలిపీఠం దగ్గరే వదిలి ముందు సహోదరుడితో సమాధానపడి రమ్మని కొండమీది ప్రసంగంలో యేసు చెప్పింది కూడా ఈ దారిలోనిదే. ఇక జక్కయ్య సంగతి చూడండి. తనంతట తానే ఒప్పుకొన్నవాడు అయిదో వంతు కలిపి ఇస్తే చాలని ధర్మశాస్త్రం అంటుంటే, ఆయన నాలుగింతలు ఇస్తానన్నాడు. ఆస్తిలో సగం బీదలకు అదనం. ఇస్తానన్నందుకు యేసు ఆయన ఇంటికి రాలేదు, యేసు వచ్చినందుకు ఆయన ఇస్తానన్నాడు. కృప అందుకున్న చెయ్యి లెక్క దగ్గర బిగుసుకోలేదు, ఇంకా తెరుచుకుంది.

పొరుగువాణ్ని నీవలె ప్రేమించమనే ఆజ్ఞ క్రైస్తవులందరికీ కంఠతా వచ్చు. అది లేవీయకాండం పంతొమ్మిదో అధ్యాయంలో ఏ మాటల మధ్య ఉందో గమనించేవాళ్లు తక్కువ. చేను కోసేటప్పుడు అంచుల దాకా కోసెయ్యకుండా, రాలిన పరిగె ఏరుకోకుండా బీదవాడికీ పరదేశికీ వదలమంటుంది ఆ అధ్యాయం. కూలివాడి కూలి తెల్లారేదాకా దగ్గర ఉంచుకోవద్దంటుంది. తీర్పులో బీదవాడని జాలిపడీ, గొప్పవాడని మొహం చూసీ మొగ్గొద్దంటుంది. చివర్లో తూకం రాళ్లూ కొలతలూ సరిగా ఉండాలంటుంది. వీటి మధ్యలో ఉంది ప్రేమ అనే మాట. కాబట్టి ఆ ప్రేమ ఏమిటో తెలియాలంటే చేలోకీ కాటా దగ్గరికీ వెళ్లాలి.

కోనసీమ విశ్వాసికి ఈ అధ్యాయం పరాయిది కానే కాదు. కొబ్బరి దింపుకొచ్చిన మనిషి పొద్దుటినుంచి చెట్టుకింత చొప్పున ఎక్కి దిగుతాడు. జారితే నడుం విరుగుతుంది, మళ్లీ చెట్టెక్కే రాత ఉండదు. కాయలు అంబాజీపేట మార్కెట్‌కు వెళ్లి డబ్బు చేతికొచ్చాక ఇస్తాలే అని సాయంత్రం అతన్ని పంపేసే రైతు, ఆ రాత్రి ప్రార్థన కూటంలో ఎంత కన్నీళ్లు పెట్టుకున్నా, ఒక ఆజ్ఞను కాలికింద వేసి వచ్చినట్టే. పొద్దు గుంకకముందే కూలి ఇవ్వాలని ద్వితీయోపదేశకాండం ఇరవైనాలుగో అధ్యాయం చెబుతుంది. అతను బీదవాడని, దానిమీదే ఆశ పెట్టుకుని ఉంటాడని కారణం కూడా చెబుతుంది. కళ్లంలో తేమ సాకుతో బస్తాకింత అని తరుగు తీసేవాళ్లలో విశ్వాసి ఉంటే, అతని పాపం పేరు అదే గ్రంథంలో రాసి ఉంది. ఇక్కడి పొలాల్లో పెద్ద భాగం కౌలు రైతులే చేస్తారు. 1996 నవంబరు 6 తుఫాను లాంటిది వచ్చి పంట నేలపాలయినా, గోదావరి పొంగి చేలు మునిగినా, మక్తా మాత్రం పూర్తిగా ముట్టాల్సిందేననే భూస్వామికి చట్టం అడ్డు రాకపోవచ్చు. చేనంతా నీదే అయినా అంచులు నీవి కావన్న ధర్మశాస్త్రం అడ్డొస్తుంది. ఆడపిల్లల్ని కువైట్‌కో మస్కట్‌కో పంపిస్తానని డబ్బు తీసుకుని ఒక పని చెప్పి ఇంకో పనికి అప్పగించే ఏజెంటు సంగతి వేరే చెప్పక్కర్లేదు.

మన సాక్ష్య కూటాల్లో తాగుడు మానానని, సిగరెట్టు మానానని, సినిమా మానానని చెప్పేవాళ్లు ఉంటారు. అవన్నీ మంచివే. తాగుడు మానడంవల్ల కోనసీమలో ఎన్ని ఇళ్లు నిలబడ్డాయో ఆ ఇళ్ల ఆడవాళ్లకు తెలుసు. కాని ఫలానావాడికి నేను తక్కువ తూచాను, వెళ్లి ఇచ్చొచ్చాను అనే సాక్ష్యం చాలా అరుదు. పక్కవాడి జేబుతో ముడిపడ్డ పాపం దేవుడి దగ్గర ఒప్పుకుంటే సరిపోతుందన్న నమ్మకం మనలో నాటుకుపోయింది. లేవీయకాండం ఆరో అధ్యాయం చదివితే ఆ నమ్మకానికి కాలు నిలవదు.

ఇలా మాట్లాడితే మళ్లీ క్రియల మీద ఆధారపడే రక్షణకు దారి తెరుస్తున్నారని అనేవాళ్లున్నారు. ఆ భయం సరైనదే, గలతీ పత్రిక పుట్టిందే ఆ భయంలోంచి. ధర్మశాస్త్రం క్రీస్తు వచ్చేదాకా బాలశిక్షకుడని పౌలు అందులోనే అంటాడు. బాలశిక్షకుడి చేతికింద నుంచి బయటపడ్డ పిల్లవాడు అక్షరాలు మరచిపోడు, ఇక దెబ్బల భయం లేకుండా చదువుకుంటాడు. క్రీస్తే మా నియమం అనే బ్రదరన్ బోధకుడి మాటను నేను మనసారా ఒప్పుకుంటాను. అయితే ఆ పత్రిక చివరి అధ్యాయంలో క్రీస్తు నియమం ఏమిటో పౌలే చెప్పాడు, ఒకరి భారం ఒకరు మోయడం. భారం మోసేవాడు కూలి ఎగ్గొట్టలేడు. పది ఆజ్ఞలు నిలిచి ఉంటే శనివారం విశ్రాంతి సంగతేమిటని సబ్బాతు సంఘాలవాళ్లు అడుగుతారు. దినాల విషయంలో ఎవరూ ఎవరికీ తీర్పు తీర్చొద్దని పౌలు కొలస్సీయులకు రాశాడు. అదే నాకు చాలు. ద్వితీయోపదేశకాండం ఆ ఆజ్ఞకు చెప్పిన కారణం మాత్రం పాతబడలేదు. నీలాగే నీ దాసుడూ దాసీ విశ్రమించాలని, నువ్వూ ఒకప్పుడు ఐగుప్తులో దాసుడివేనని. ఆదివారం మందిరంలో కూర్చుని, ఇంట్లో పనిమనిషికి వారంలో ఒక పూటైనా సెలవివ్వనివాళ్లు ఏ రోజును ఆచరిస్తున్నట్టు? ఇవన్నీ హిందువులకూ ముస్లింలకూ తెలిసిన నీతులేగా, క్రైస్తవులకు ప్రత్యేకమేముందని ఇంకొకరు అడగొచ్చు. తెలిసినవే. అన్యజనుల హృదయాల మీద కూడా ధర్మశాస్త్రసారం రాసి ఉందని రోమా పత్రిక రెండో అధ్యాయం ముందే ఒప్పుకుంది. అందుకే లెక్క తప్పిన విశ్వాసిని నిలదీసే హక్కు అతని హిందూ పొరుగువాడికి కూడా ఉంది.

వీటన్నిటికంటే కష్టమైన ఆజ్ఞ అబద్ధ సాక్ష్యం గురించినది. 1950లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులకే షెడ్యూల్డ్ కులాల హోదా. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు దాన్ని వర్తింపజేశారు, క్రైస్తవ దళితులను వదిలేశారు. ఆంధ్రప్రదేశ్‌లో వాళ్లు బీసీ-సీ కిందికి వస్తారు, అక్కడున్నది 1 శాతం రిజర్వేషన్. అందుకే ఆదివారం ఒక పేరు, సర్టిఫికెట్ మీద ఒక మతం అనే బతుకు కోనసీమ పేటల్లో అందరికీ తెలిసిన సంగతే. ఆజ్ఞ మాటకొస్తే ఇది అసత్యమే, కాదనలేను. కాని అబద్ధ సాక్ష్యాన్ని నిషేధించిన అదే లేఖనంలో, అన్యాయపు శాసనాలు రాసి బీదల హక్కు లాక్కునేవాళ్ల మీద యెషయా శాపం కూడా ఉంది. మతం మారినంత మాత్రాన ఊళ్లో అంటరానితనం మారలేదు. 2022 మే 24న కోనసీమ జిల్లాకు అంబేడ్కర్ పేరు పెట్టాలని ప్రతిపాదించినందుకు అమలాపురంలో ఇళ్లు తగలబెట్టినవాళ్లు ఎవరి బాప్తిస్మం సర్టిఫికెట్టూ అడగలేదు. మతంతో నిమిత్తం లేకుండా ఈ హోదా ఇవ్వాలని రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో సిఫార్సు చేసింది. 2022లో జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన మరో కమిషన్ వేశారు. క్రైస్తవ దళితులకు ఎస్సీ హోదా కోరుతూ రాష్ట్ర శాసనసభ 2023 మార్చిలో తీర్మానం చేసింది.

కాబట్టి ఈ ఆజ్ఞను పేద తల్లిదండ్రుల మెడమీద పెట్టి ఊరుకునే సంఘం సగమే చదివింది. కొడుకు సీటు కోసం సంతకం పెట్టిన తండ్రికి వాక్యం వినిపించే ముందు, ఆ సీటు పోతే ఫీజు కట్టేది ఎవరో సంఘ పెద్దలు చెప్పగలగాలి. పెళ్లి సంబంధం దగ్గర మాత్రం కులం చూసుకునే విశ్వాసులు, మొహం చూసి మనుషులను వేరుచేసేవాడు ధర్మశాస్త్రం మీరినవాడేనని యాకోబు అన్నది తమ గురించి కాదనుకుంటే, పేటలోని తండ్రిని నిలదీసే నోరు వాళ్లకు లేదు. చదువుకున్న విశ్వాసులు, ఉద్యోగాలున్నవాళ్లు, గల్ఫ్ డబ్బుతో మందిరాలకు పాలరాయి పరిపించినవాళ్లు ఏటా ఒక్కో పిల్లవాడి చదువు భారం ఎత్తుకుంటే, నిజం చెప్పడానికి అయ్యే ఖర్చు ఆ తండ్రి ఒక్కడి మీదే పడదు.