చదివింపులలో చేరని కానుక

పెండ్లి పందిరిలో తలంబ్రాల సందడి ఒకింత సద్దుమణిగిన పిమ్మట, ఒక మూల చాప పరచుకొని ఒక పెద్దమనిషి పుస్తకము విప్పును. ప్రక్కన ఇత్తడి పళ్ళెము. బంధువులును మిత్రులును వరుసగా వచ్చి తమ కానుకలను అందుంచుదురు. ఫలానా ఊరివారు నూటపదహారు రూపాయలు, ఫలానా మేనమామగారు వెండి చెంబు అని ఒకరు బిగ్గరగా చదువుచుండ, వేరొకరు వ్రాసికొందురు. సభలో చదివి వినిపించునవి గనుకనే తెలుగువారు వీనికి చదివింపులని పేరిడిరి. పెండ్లి ముగిసినంతమాత్రమున ఆ పుస్తకము అటకెక్కదు. రేపు ఆ బంధువు ఇంట శుభకార్యము వచ్చినపుడు దానిని తీసి చూచి, అంతకు తక్కువ గాకుండ తిరిగి చదివింతురు. చిత్తూరు సీమకు పొరుగున నున్న తమిళులు దీనినే 'మొయ్' అందురు. పేరు వేరైనను లెక్క ఒక్కటే.

ఆ పుస్తకములో ఎన్నడును ఎక్కని కానుక ఒకటి ఈ సీమలో ఉండెడిది. దానికి వెల లేదు. కనుక చదువుటకు వీలు లేదు. అది బొంత.

వ్యవసాయపు పనులు తెరపి ఇచ్చిన దినములలో, మధ్యాహ్న భోజనములైన తరువాత, తిరుపతి, చిత్తూరు ప్రాంతపు పల్లెలలో ఏదో ఒక ఇంటి వసారాలో చాప పడెడిది. ఆ ఇంటి ఆడపడుచు కాన్పునకు పుట్టింటికి వచ్చి యుండెడిది. ప్రక్క ఇంటి అక్క ఒక పాత నూలుచీర, ఎదురింటి అత్త ఒక మెత్తని పంచె, వీధి చివరి అవ్వ ఒక సూది, దారపుటుండ పట్టుకొని వచ్చెడివారు. చీరలను ఉతికి, ఆరవేసి, అంచులు కలిపి, ముడుతలు లేకుండ పరచి, నాలుగు వైపుల నలుగురు కూర్చుండెడివారు. పొరలు కదలకుండ ముందుగా పెద్ద పెద్ద కచ్చాకుట్లు. పిదప అంచునుండి నడిమికి వరుసవెంబడి వరుసగా సన్నని కుట్లు.

“ఏమ్మే, నీ కుట్లు కోడి గీకినట్టుండాయే!” అని అవ్వ కసరెడిది.

“పండుకునే బిడ్డకు కుట్లు కనబడతాయా అవ్వా?” అని కొత్తకోడలు నవ్వెడిది.

అంతలో ఒకరి కథ, ఒకరి కష్టము, ఒకరి పాట. సూది నేర్చునది అక్కడనే. సంసారము నేర్చునదియు అక్కడనే.

ఈ పని ఎంతటిదో విద్యార్థులు లెక్క వేసి చూడవచ్చును. ఆరు గజముల చీరను మూడు మడతలు వేసినచో రెండు గజముల పొడవు వచ్చును. అట్టివి రెండు చీరలైన ఆరు పొరలు. చీర పన్నా 45 అంగుళములనుకొని, అంగుళమునకొక వరుస చొప్పున 44 వరుసలు కుట్టవలెను. వరుస పొడవు 72 అంగుళములు. అంగుళమునకు మూడు కుట్లు. మొత్తము 9,504 కుట్లు. ఒక్కతె కూర్చున్నచో ఎన్ని మధ్యాహ్నములు పట్టునో! నలుగురు కూర్చున్నచో ఒక్కొక్కరి వంతు 2,376. పసిబిడ్డకు వేయు చిన్నబొంతకు ఇంత శ్రమ లేకున్నను, కుట్టు ఒక్కటే, పద్ధతి ఒక్కటే.

బొంతకు పాత గుడ్డయే ఏల? పేదరికము ఒక కారణము, దానిని దాచనక్కరలేదు. కాని అది యొక్కటే కారణము కాదు. కొత్త నూలుబట్టలో గంజి ఉండును, బిరుసు ఉండును. నూరు ఉతుకులు ఉతికిన చీరలో నూలుపోగు మెత్తబడి, చెమటను పీల్చును, లేత చర్మమును ఒరయదు. పుట్టిన బిడ్డను పొత్తిళ్ళలో పెట్టుటకు పెద్దల పాతబట్టను వెదకుటలోని లోకజ్ఞానమిదియే. ఇక పొరపొరకును నడుమ చిక్కి నిలిచిన గాలి ఒంటివేడిని వెలికి పోనీయదు. కుట్టు ఆ పొరలను కదలనీయదు. అందుచేతనే పలుచని గుడ్డలు ఆరు కలిసి, మందపు దుప్పటి ఒక్కటి చేయు పనిని చేయుచున్నవి. అవ్వ కట్టిన చీర, తల్లి కట్టిన చీర, పొరుగింటి అత్త కట్టిన చీర ఒక్కటిగా కుట్టబడి బిడ్డ క్రిందికి చేరును. బిడ్డకు ఊరితో తొలి పరిచయము అక్కడ ఏర్పడును.

రాయలసీమ వ్యవసాయములో 'ముయ్యి' అను మంచి మాట ఒకటి కలదు. కూలి ఇచ్చుకొనలేని చిన్నరైతులు ఒకరి చేనికి ఒకరు పనికి పోవుదురు. నేడు నీ చేను, రేపు నా చేను. ఇందులో రూకల లెక్క లేదు గాని దినముల లెక్క కలదు. నాలుగు నాళ్ళు చేయించుకొన్నవాడు నాలుగు నాళ్ళు తీర్పవలెను. చదివింపులు రూపాయలతో తూగును. ముయ్యి దినములతో తూగును. బొంత దేనితోను తూగదు. ఆమె బొంతలో నావి రెండువేల కుట్లు, నా బొంతలో ఆమెవి పదునైదు వందలే అని ఏ ఇల్లాలును ఎంచలేదు.

ఫ్రెంచి పండితుడు మార్సెల్ మాస్ 1925లో వెలువడిన తన ప్రసిద్ధ వ్యాసములో, ప్రపంచమున ఏ సమాజమునందైనను కానుక ఉత్తకానుకగా ఉండదనియు, ఇచ్చుట, పుచ్చుకొనుట, తిరిగి ఇచ్చుట అను మూడు బాధ్యతలు దానిని వెన్నంటియుండుననియు వివరించెను. ఇచ్చిన వస్తువుతో ఇచ్చినవారి అంశ కొంత తరలిపోవునని కూడ ఆయన భావము. బొంతకు ఈ మాట అక్షరాల చెల్లును. అందు ఇచ్చినవారి చీరయే యున్నది, చేతివ్రేళ్ళ నేర్పే యున్నది. అయితే తిరిగి ఇచ్చుటకు కొలత లేదు. లెక్క తీరినచోట ఋణము తీరును. ఋణము తీరినచోట రాకపోకలు తగ్గును. తీరని ఋణమే స్నేహమునకు ఆయువు.

తిరుపతి వాసులకు ఈ తీరని ఋణపు రుచి కొత్తది కాదు. ఏటేట వేసవిలో తాతయ్యగుంట గంగమ్మ జాతర జరుగునపుడు తిరుమలనుండి అమ్మవారికి సారె వచ్చును. అన్న చెల్లెలికి పంపు పుట్టింటి కానుకగా జనులు దానిని భావింతురు. కొండమీది దేవుడే సారె పంపుట మానలేదనిన, మనుష్యులకు ఆ ఋణము ఎట్లు తీరును? ఇండ్లలోని సారెయు అట్టిదే. బిడ్డనెత్తుకొని అత్తవారింటికి మరలు ఆడుబిడ్డ వెంట పిండివంటలు, చీరలు, వానితోపాటు బొంతలు పోయెడివి. పిండివంటలు ఇంటింటికి పంచబడి మరునాటికి చెల్లిపోయెడివి. బొంతలు మాత్రము ఇద్దరు ముగ్గురు బిడ్డలకు పనికివచ్చి, చినిగి, మరల అతుకబడి, వేరొక బొంతకు లోపలి పొరగా మారెడివి.

సంస్కృతములో బొంతకు కంథ యని పేరు. అతుకుల గుడ్డను కప్పుకొని తిరుగు విరాగులకు ఆ మాట చిరపరిచితము. వంగదేశములో అదే మాట కాంథా యైనది. అక్కడి స్త్రీలు పాతచీరల పొరలపై రంగుదారములతో పద్మములను, ఏనుగులను, పల్లకీలను కుట్టిరి. గురుసదయ దత్తు (1882–1941) అను అధికారి పల్లెపల్లె తిరిగి వానిని సేకరించెను; ఆయన పేరిట కలకత్తా చెంత ప్రదర్శనశాల వెలసెను. జసీముద్దీన్ కవి 1929లో ప్రకటించిన 'నక్షీ కాంథార్ మాఠ్' కావ్యములోని నాయిక, భర్త ఎడబాటును కాంథా పై కుట్టి, దానిని తన గోరీపై పరచుమని కోరి కన్నుమూయును. కన్నడ దేశపు ఉత్తరభాగమున కౌది, మహారాష్ట్రమున గోధడి ఈ కుటుంబములోనివే. సముద్రములకు ఆవల, 1840 ప్రాంతముల అమెరికాలో, దూరదేశమునకు తరలిపోవు స్నేహితురాలికి ఊరిలోని స్త్రీలు తలకొక ముక్క కుట్టి, దానిపై సిరాతో తమ పేరు వ్రాసి, అన్నిటిని కలిపి దుప్పటిగా ఇచ్చెడివారు. మరల చూతుమో చూడమో యను వేళ అది కప్పుకొనదగిన వీడ్కోలు.

తెలుగు బొంతపై పేర్లు లేవు, పద్మములు లేవు. అందుచేత దానికి ప్రదర్శనశాలయు లేదు. శ్రీకాళహస్తి కలంకారీకి లోకఖ్యాతి వచ్చినది. ఆ కళలో ఆరితేరిన జొన్నలగడ్డ గురప్ప శెట్టిగారికి 2008లో పద్మశ్రీ వచ్చినది. సుగాలి తండాల స్త్రీలు అద్దములు పొదిగి కుట్టు బట్టలకును గిరాకి కలిగినది. సంతోషమే. బొంత మాత్రము అంగడికి పోలేదు. అంగడికి పోని దానిని లోకము కళయని పిలువదు.

చేతితో చేసి ఇచ్చుట పేదలకే పరిమితమనుకొనుట పొరపాటు. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ ఠాకూరు మదనపల్లె బిసెంటు దివ్యజ్ఞాన కళాశాలకు అతిథిగా వచ్చెను. అక్కడనే ఆయన జనగణమన గీతమును ఆంగ్లములోనికి తర్జుమా చేసి స్వహస్తముతో వ్రాసి ఇచ్చెను. మార్గరెట్ కజిన్సు ఆ పాటకు స్వరము వ్రాసికొనెను. ఆతిథ్యమునకు కవి చెల్లించినది తన చేతిపనియే. 1947 నవంబరులో ఇంగ్లండు రాకుమారి ఎలిజబెత్తు పెండ్లికి దేశదేశములనుండి రెండువేలకు పైగా కానుకలు వచ్చిపడెను. వజ్రములు, వెండి, పింగాణి. వానికి పట్టిక వ్రాసి ప్రదర్శనకు పెట్టిరి. అదియు ఒక చదివింపుల పుస్తకమే. వాని నడుమ గాంధీమహాత్ముడు తాను వడికిన నూలుతో అల్లించి పంపిన చిన్న వస్త్రము ఒకటి ఉండెను. రాకుమారి నాయనమ్మ మేరీ రాణి దానిని చూచి గోచిగుడ్డ యని భ్రమించి నొచ్చుకొనెనట. వెలగట్టు కన్నులకు చేతినూలు అట్లే కనబడును.

మరి బొంత ఏమైనది? కారణములు స్పష్టము. నూలుచీర స్థానమును కృత్రిమపు దారపు చీరలు ఆక్రమించినవి. అవి చెమటను పీల్చవు, ఎన్ని ఉతుకులు ఉతికినను మెత్తబడవు. అంగడిలో రంగురంగుల మెత్తని కంబళ్ళు తక్కువ వెలకు దొరకుచున్నవి. స్త్రీలు చదువులకు, ఉద్యోగములకు పోవుచున్నారు, పోవలసినదే. మధ్యాహ్నపు వసారాలు ఖాళీ అయినవి. అన్నిటిని మించి, సిగ్గు. పురిటి మంచము చుట్టు అంగడి డబ్బాలు పేర్చియుండగా, పాతచీరల బొంతను సంచిలోనుండి తీయుటకు పొరుగింటి అవ్వ చేయి వెనుదీయును. తీసినను, 'దీనిని లోపల పెట్టండి' యని ఒకరందురు. ఆ మాట ఎవరికిని వినబడనంత మెల్లగనే అందురు. అవ్వకు వినబడును. ఆ తరువాత ఆ వీధిలో ఇంకొక బొంత పుట్టదు.

పాత దినములన్నియు బంగారమని చెప్పుట ఈ మాటల ఉద్దేశము కాదు. ఆ చాపపై అన్ని కులములవారును కలిసి కూర్చుండలేదు. వీధి హద్దే స్నేహమునకును హద్దై యుండెను. పగలంతయు చేలలో, వంటయింటిలో అలసిన చేతులే మరల సూది పట్టవలసివచ్చినది. యంత్రమును దూషించుటయు ఉద్దేశము కాదు. యంత్రములపై గాంధీమహాత్మునికి గల అనుమానము ప్రసిద్ధమే యైనను, 1924లో ఒక సంభాషణలో ఆయన కుట్టుమిషనును మినహాయించి, ఉపయుక్తమైన కొలది వస్తువులలో అదియొకటి యని మెచ్చుకొనెను. భార్య చేతికుట్టు కష్టమును చూడలేక ఒకడు ప్రేమతో కనిపెట్టినదనియే ఆయన దానిని ఆదరించెను. పాత హద్దులు పోవలసినవే, శ్రమ తగ్గవలసినదే. మిగులవలసినది ఒక్కటి: వెల కట్టక తన కాలములో కొంత మరొకరికి కుట్టి ఇచ్చుట.

ఈ పని పాఠశాల చేయగలదు. 1937 వార్ధా విద్యాపథకము చేతిపనిని చదువునకు నడుమ నిలిపినది. 2020 జాతీయ విద్యావిధానము ఆరునుండి ఎనిమిదవ తరగతివరకు పుస్తకముల సంచి లేని పది దినములు ఉండవలెనన్నది. ఆ పదింటిలో ఒక్క దినము చాలును. ప్రతి బాలుడును, ప్రతి బాలికయు ఇంటినుండి జానెడు పాత నూలుగుడ్డ తేవచ్చును. ఏ వీధి బిడ్డ తెచ్చిన గుడ్డ ఏ వీధి బిడ్డ గుడ్డ ప్రక్కన పడునో ఎవరును ముందుగా నిర్ణయింపనక్కరలేదు. నాటి చాప కలుపలేనివారిని నేటి తరగతి కలుపగలదు. గుడ్డ తెచ్చినపుడు ఇంటిలోని అవ్వను కూడ వెంటబెట్టుకొని వచ్చినచో మరియు మేలు. ఉపాధ్యాయులకు తెలియని కుట్టు ఆమెకు తెలియును. ముగిసిన బొంత ఊరి అంగన్‌వాడీ బిడ్డలకు చేరవచ్చును.

ఆ బొంతలో కుట్లు వంకరగానే ఉండును. ఆ నిద్రించు బిడ్డకు అవి కనబడవు. కుట్టిన చేతులకు మాత్రము, ఏ వరుస తమదో చాలకాలము గుర్తుండును.