మనిషి నిలబడితేనే బొమ్మ

చట్రం నిండా వరసగా పేర్చిన చిన్న చిన్న చెక్క పలకలు. అన్నీ నలుచదరం, ఎక్కడా రంగు పూసిన జాడ లేదు. దూరం నుంచి చూస్తే ఎవరో వడ్రంగి ఓపిగ్గా చేసిన పనితనం అనుకుంటాం. ఎదురుగా వెళ్లి నిలబడగానే పలకలు కదులుతాయి. చాటలో చింతగింజలు దొర్లించినట్టు గలగలమని చప్పుడు. మరుక్షణం ఆ చెక్కలో మన రూపం! మనం చెయ్యెత్తితే అదీ ఎత్తుతుంది. పక్కకు జరిగితే మళ్లీ గలగల, రూపమూ జరుగుతుంది.

1999లో డేనియల్ రోజిన్ చేసిన ఈ కళాఖండం పేరు ‘వుడెన్ మిర్రర్’, అంటే చెక్క అద్దం. రోజిన్ జెరూసలేంలో పుట్టి, న్యూయార్క్ యూనివర్సిటీలో పాఠాలు చెబుతున్న కళాకారుడు. అద్దంలో 830 పలకలున్నాయి. ఒక్కో పలకకూ ఒక్కో చిన్న మోటారు, చెప్పినంత మేరకే తిరిగి ఆగుతుంది. చట్రం మధ్యలో కంటపడకుండా అమర్చిన కెమెరా ఎదుటి మనిషిని చూస్తుంటుంది. ఆ దృశ్యాన్ని కంప్యూటరు 830 చుక్కలుగా విడగొట్టి, ఏ చుక్క ఎంత లేతగా, ఎంత ముదురుగా ఉండాలో లెక్కగట్టి మోటార్లకు పంపుతుంది.

మరి చెక్కకు తెలుపూ నలుపూ ఎక్కడివి? కిటుకంతా అక్కడే ఉంది. దీపాలు పైనుంచి వెలుగుతుంటాయి. పలక పైకి తిరిగితే వెలుతురు పడి లేతగా కనిపిస్తుంది, కిందికి వంగితే నీడ కమ్మి ముదురుతుంది. బొమ్మ గీసేది వెలుతురే. కంప్యూటరు చేసేదల్లా చెక్కల్ని వంచడం.

చేతిలో ఫోను తెర మీద చుక్కలు లక్షల్లో ఉంటాయి. వాటి ముందు 830 ఏపాటి? ఈ అద్దంలో కళ్లూ ముక్కూ విడిగా తెలియవు. అయినా భుజం వంపు, తల తిప్పే తీరు చూసి నేనేనని పోల్చుకుంటాం. వీధి చివర వస్తున్న ఇంటి మనిషిని నడకను బట్టే గుర్తుపట్టమూ, అలాగన్నమాట. తర్వాత రోజిన్ న్యూయార్క్ వీధుల్లో ఏరిన చెత్తతోనూ ఓ అద్దం చేశాడు. మరోదాన్ని 450 పెంగ్విన్ బొమ్మలతో చేశాడు. పెంగ్విన్ పొట్ట తెలుపు, వీపు నలుపు. గిర్రున తిరిగితే చాలు, చుక్క రంగు మారిపోతుంది! ఆలోచన ఎంత తేటగా ఉందో చూడండి.

చూసేవాళ్లు వస్తేనే పూర్తయ్యే ఇలాంటి పనిని ఇంటరాక్టివ్ ఆర్ట్ అంటున్నారు. 1970లలోనే అమెరికాలో మైరన్ క్రూగర్ ‘వీడియోప్లేస్’ పేరుతో మనుషుల నీడరూపాలను తెర మీద ఆడించాడు. గోడల నిండా ప్రొజెక్టర్లతో బొమ్మలు పరిచే ప్రదర్శనలు ఇప్పుడు చాలానే వస్తున్నాయి. అవి కనులపండువే కానీ, మనం ఉన్నా లేకున్నా నడిచిపోతాయి. ఇంటరాక్టివ్ ఆర్ట్ సంగతి వేరు.

2012లో లండన్‌లోని బార్బికన్ కళాకేంద్రంలో ‘రెయిన్ రూమ్’ పెడితే జనం గంటల తరబడి క్యూ కట్టారు. రాండమ్ ఇంటర్నేషనల్ అనే బృందం చేసిన ఈ గదిలో ఎడతెగని వాన. మనిషి ఎటు నడిస్తే అటు మాత్రం వాన ఆగుతుంది. కెమెరాలు మనిషి ఉన్న చోటు పసిగట్టి నెత్తిమీది ధారలను కట్టేస్తాయి. నెమ్మదిగా నడవాలి, పరుగెత్తితే తడిసిపోతారు. 2018 నుంచి షార్జాలో ఇది శాశ్వతంగా ఉంది. గల్ఫ్‌లో ఉన్న మనవాళ్లు వెళ్లి చూడొచ్చు.

వీటన్నిటిలో గుండెను తాకేది మాత్రం రఫాయెల్ లొజానో-హెమ్మర్ ‘పల్స్ రూమ్’. మెక్సికో సిటీలో పుట్టి కెనడాలో స్థిరపడ్డ ఈయన దీన్ని 2006లో మెక్సికోలోని ప్యూబ్లాలో తొలిసారి ప్రదర్శించాడు. తన కవల పిల్లలు తల్లి కడుపులో ఉండగా స్కానింగ్‌లో విన్న గుండె చప్పుళ్లు ఒక ప్రేరణ. ‘మకారియో’ అనే మెక్సికన్ సినిమా మరొకటి. అందులో ఒక్కో మనిషి ప్రాణానికీ గుహలో ఒక్కో కొవ్వొత్తి వెలుగుతుంటుంది. దీపం కొడిగట్టిందంటే ఏమిటో తెలిసిన మనకు దీన్ని విడమర్చి చెప్పక్కర్లేదు.

చీకటి హాలు, పైనుంచి వేలాడే వందలాది పాతకాలపు బల్బులు. ఒక మూల పట్టుకోవడానికి రెండు పిడులు. పట్టుకోగానే సెన్సర్లు నాడి అందుకుంటాయి. దగ్గరి బల్బు సరిగ్గా మన గుండె లయలో మిణుకుతుంది. వదలగానే హాలంతా క్షణం చీకటైపోతుంది. మళ్లీ వెలిగేసరికి ముందువాళ్ల లయలన్నీ ఒక్కో బల్బు దాటి జరుగుతాయి, చివరి బల్బులోది రాలిపోతుంది. పిడులు వదిలిన మనిషి తన బల్బు ఏదోనని తలెత్తి వెతుక్కుంటూ ఉండగానే, వెనక నిలబడ్డవాళ్లు వచ్చి పిడులు అందుకుంటారు.