తాళాలు జనరల్ చేతిలో.. డబ్బులు?

అమెరికాలో చదువుకునే రోజుల్లో మా ఉగాది ఫంక్షన్‌కి దొరికిన అద్దె హాలు నేషనల్ గార్డ్ వాళ్ల ఆర్మరీ! పులిహోర వడ్డిస్తుంటే పైకప్పు నుంచి చినుకులు. వరదలొస్తే జనాన్ని కాపాడే సైనికులు ట్రైనింగయ్యేది ఈ కప్పు కిందే. మరి బాగు చేయించరేం?

ప్రతి రాష్ట్ర గార్డ్‌కీ పెద్ద అడ్జుటెంట్ జనరల్. కొత్త భవనం కడితే సాధారణంగా ఫెడరల్ సర్కారు 75 శాతం ఇస్తుంది, మిగతాది రాష్ట్రం పెట్టుకోవాలి. ఆయన దేనికెంత ఖర్చు పెట్టొచ్చో రాష్ట్ర చట్టాలే చెబుతాయి. యూనిఫాం ఉన్నవాళ్ల చేతికి ఖజానా ఇవ్వొద్దన్నది పాత భయం. సబబే. కానీ కారే కప్పుకీ చట్టసభ తలూపేదాకా ఆగాలా? హాలు అద్దె డబ్బులైనా రిపేర్లకి వాడుకోనిచ్చి, లెక్కలు సభ అడిగితే పోయేదేముంది?

ఆరోజు మేమైతే బకెట్ పెట్టి, ఉగాది పచ్చడి గిన్నె పక్కకి జరిపాం.