పాత పశువుల కొట్టములో గుఱ్ఱపుసాల

గుఱ్ఱమును కొనదలచిన రైతు దానికి వేఱుగా ఇల్లు కట్టవలయునేమోయని వెనుదీయ నక్కఱలేదు. ట్రాక్టరులు వచ్చి ఎడ్లను అమ్మివేసిన పిమ్మట అనేక గృహములలో పశువుల కొట్టము సగము ఖాళీగానే యున్నది. పైకప్పు గట్టిగను, నేల మెఱకగను ఉన్నచో అందులో ఒక మూలను వేఱుచేసి, సరుగుడు గుంజలతోను కొయ్యపలకలతోను సాల నమర్చుకొనవచ్చును. విశాఖ మన్యమున సంతలకు సరకులు మోయించువారికిని, పెండ్లి ఊరేగింపులకు గుఱ్ఱములను బాడుగకిచ్చువారికిని ఇంతకు మించిన కట్టడ మక్కఱలేదు. దీనికొఱకు సంఘమున అప్పు తీయుట వృథా యని నా అభిప్రాయము. ఇద్దఱు ముగ్గురు సభ్యులు కలసి గుంజలను ఒకేసారి కొని తెచ్చుకొన్న బండి బాడుగయైనను కలసివచ్చును.

అయితే గునపము పట్టుటకు మునుపే ఒక సంగతి తేల్చుకొనవలెను. ఆ కొట్టములో గేదెలు ఇంకను కట్టుచున్నారా? సర్రా యను జబ్బును కలిగించు సూక్ష్మజీవిని గ్రిఫిత్ ఎవాన్స్ అను పశువైద్యుడు 1880వ సంవత్సరమున డేరా ఇస్మాయిల్ ఖాన్‌లో గుఱ్ఱముల యొక్కయు, ఒంటెల యొక్కయు రక్తమునందు కనుగొనెను. గేదె దీనిని రక్తములో మోయుచుండియు పైకి ఆరోగ్యముగనే కనబడవచ్చును. జోరీగ గేదెను కుట్టుచుండగా అది తోక విసరును. ఈగ సగము కడుపుతో లేచి ప్రక్కనున్న గుఱ్ఱముపై వ్రాలును. అంతతో జబ్బు అంటుకొనును. గుఱ్ఱమునకు జ్వరము వచ్చుచు పోవుచు నుండును. మేత తినుచున్నను చిక్కిపోవును. కాళ్లును పొట్టక్రిందిభాగమును వాచును. చికిత్స చేయనిచో సాధారణముగా బ్రదుకదు. కావున గేదెలను వేఱొకచోటికి మార్చుటయే మేలు. దూరము పెరిగినకొలది ప్రమాదము తగ్గును. ఈగలను తోలుటకు కొట్టములో పొగపెట్టు అలవాటు మనకు గలదు గాని, గుఱ్ఱపుసాలలో అది పనికిరాదు. పొగ దాని ఊపిరితిత్తులను చెఱచును. వరిగడ్డి ప్రక్కన నిప్పు ఎటువంటిదో వేఱుగా చెప్పనేల?

పశువుల దాణా బస్తాలను సైతము గుఱ్ఱమునకు అందనిచోట నుంచవలెను. కొన్ని దాణాలలో కలుపు మోనెన్సిన్ అను మందు పశువులకు హాని చేయదు గాని గుఱ్ఱమునకు కొద్దిపాటి మోతాదే ప్రాణాంతకము.

మూలను ఎంచుకొన్నచో రెండు గోడలు ఉచితముగా లభించును. పెద్ద గుఱ్ఱమునకు 12 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు కావలెను. పొట్టి గుఱ్ఱమునకు 10 అడుగులు చాలును. ఇంతకంటె ఇఱుకైనచో పొర్లినపుడు కాళ్లు గోడకు చిక్కుకొని లేవలేక కొట్టుకొనును. గుంజలను 3 అడుగుల లోతున పాతి చుట్టును దిమ్మిసకొట్టవలెను. రెండంగుళముల మందము గల పలకలను నేలనుండి నాలుగున్నర అడుగుల యెత్తువఱకు సందులేకుండ బిగించవలెను. వీనిని గుఱ్ఱమున్న వైపునుండియే గుంజలకు చేర్చవలెను. అప్పుడు గుఱ్ఱము తన్నినను దెబ్బ గుంజమీద పడును. వెలుపలివైపున బిగించినచో నాలుగు తన్నులకే మేకులు ఊడివచ్చును. బోల్టులైనచో నునుపైన తల లోపలికి, మర వెలుపలికి ఉండవలెను. పలకలపైన 7 అడుగుల వఱకు ఇనుప కడ్డీలను మూడంగుళములకు మించని సందులతో నిలుపవలెను. వెదుళ్లు చవుకయే గాని తన్నినపుడు చీలి కత్తులగును. పాత రైలు స్లీపరులకు పూసిన తారునూనె కొఱికిన గుఱ్ఱమునకు విషము. ముళ్లతీగె పేరెత్తవద్దు.

నేలకు గరుసు పోసి తడిపి దిమ్మిసకొట్టి, వాకిలివైపు కొంచెము వాలు పెట్టిన చాలును. సిమెంటు నేల కాళ్లను పాడుచేయును. ఇదివఱకే సిమెంటు చేసియున్నచో పఱుపు మందముగా వేయవలెను. ఇసుకనేలమీద మేత వేసినచో ఇసుక కడుపులో చేరి శూల పుట్టును. పఱుపునకు బూజుపట్టని వరిగడ్డి గాని, దుమ్ములేని రంపపుపొట్టు గాని మంచిది.

గాలి విషయమున తెల్లవాఱుజామున ఒక పరీక్ష చేయవచ్చును. సాలలో గొంతుకూర్చుండి, నేలకు దగ్గఱగా ముక్కుపెట్టి చూడుడు. కండ్లు మండినచో మూత్రపు ఘాటు నిలిచియున్నదన్నమాట. గుఱ్ఱము పడుకొనునదియు, మేయునదియు అచ్చటనే గదా. చూరుక్రింద చుట్టును ఖాళీ విడిచి, తడిసిన పఱుపును ప్రతిదినము తీసివేసిన ఈ బాధ తొలగును.

తలుపు 4 అడుగుల వెడల్పున, వెలుపలికి తెఱచుకొనునట్లు, పై భాగము వేఱు క్రింది భాగము వేఱుగా చేయించవలెను. గుఱ్ఱము పెదవులతో గడియ తీయుట త్వరగానే నేర్చుకొనును. అడుగున మఱియొక గడియ ఉండుట మంచిది. విద్యుత్తు తీగెలు నోటికి అందరాదు.

గుఱ్ఱమును లోనికి తోలక మునుపు గోడలను, గుంజలను, పలకలను అరచేతితో తడిమి చూడవలెను. పాత కొట్టములలో ఎన్నడో కొట్టిన మేకులు తప్పక యుండును. ధనుర్వాతము గుఱ్ఱమునకు సులభముగా సోకు వ్యాధి. చిన్న మేకుగాయము చాలును. ఆ సూదిమందును పశువైద్యునిచేత ముందుగానే వేయించవలెను.