షికారులో షుగరు పడిపోతే...

శని, ఆదివారాల్లో ఇంటిల్లిపాదీ షికారు వెళ్ళడం ఆరోగ్యానికి మంచిదే. నరసన్నపేట వాసులకు వంశధార సముద్రంలో కలిసే కళింగపట్నం తీరం, బౌద్ధ స్తూపాలున్న శాలిహుండం కొండ అందుబాటులోనే ఉన్నాయి. అయితే మీ ఇంట్లో మధుమేహ రోగి ఉంటే కొంచెం జాగ్రత్త అవసరం.

హోటల్లో పూరీలు, బిర్యానీ, మిఠాయిలు తింటే షుగరు పెరుగుతుందని అందరికీ తెలుసు. పడిపోవచ్చునన్న సంగతే చాలామందికి తోచదు. ఉదయం ఇన్సులిన్ తీసుకున్నారు, లేదా మాత్ర వేసుకున్నారు. ఇసుకలో గంటసేపు నడిచారు. గట్టి నేలమీదకంటే ఇసుకలో నడకకు శక్తి రెట్టింపు ఖర్చవుతుంది. పైగా హోటల్లో భోజనం ఆలస్యమయింది. ఇన్సులిన్, కొన్ని రకాల మాత్రలు వాడేవారికి ఇక్కడే ప్రమాదం. చెమటలు, వణుకు, గుండెదడ, మాట తడబాటు మొదలవుతాయి. ఎండదెబ్బ అనుకుని ఊరుకుంటే స్పృహ తప్పి, ప్రాణం మీదికి రావచ్చు.

వెంటనే మూడు నాలుగు చిన్న చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించండి. 15 నిమిషాల్లో తేరుకోకపోతే మళ్ళీ ఇవ్వండి. తేరుకున్నాక ఏమైనా తినిపించండి. స్పృహ లేనివారి నోట్లో మాత్రం ఏమీ పోయవద్దు. 108కి ఫోన్ చేయండి.

బయలుదేరేముందే సంచిలో పంచదార పొట్లం, బిస్కట్లు, మంచినీళ్ళు పెట్టుకోండి. భోజనం వేళ దాటనివ్వకండి. తిన్న తర్వాత 10, 15 నిమిషాలు మెల్లగా నడిస్తే షుగరు అదుపులో ఉంటుంది. కాళ్ళలో స్పర్శ తగ్గినవారికి వేడి ఇసుక తెలియదు, చెప్పులు విడవకండి. మీ మాత్రల సంగతి ముందుగా డాక్టరుగారినడిగి తెలుసుకోండి.