పాత ల్యాప్‌టాప్‌కు కొత్త కార్డు: కొనే ముందు చూడవలసినవి

హిమాయత్‌నగర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ప్రభుత్వ సంబంధమైన పనులు తరచుగా రెండు రాష్ట్రాలలోనూ ఉంటాయి. పిల్లల ఉపకారవేతనానికి మహాడీబీటీ, ధ్రువపత్రాలకు ఆపలే సర్కార్ ఇక్కడివి; స్వగ్రామపు పత్రాలకు తెలంగాణలో మీసేవ ఉంది. వీటిలో చాలా పనులు అంతర్జాలం ద్వారానే జరుగుతాయి. ఇంట్లోని పాత ల్యాప్‌టాప్‌లో వైఫై పనిచేయనప్పుడు, దరఖాస్తు గడువు సమీపించినప్పుడు, అప్పు చేసి కొత్తది కొనడమొక్కటే మార్గంగా తోస్తుంది. చాలా సందర్భాలలో ఆ అవసరం లేదు. సరైన కార్డు అమర్చితే చాలు. అయితే ఏది సరైనదో కొనకముందే తెలుసుకోవాలి.

గడువు మరీ దగ్గరలో ఉంటే మొదట ఏమీ కొనకండి. సెల్‌ఫోన్‌ను ఛార్జింగ్ తీగతో ల్యాప్‌టాప్‌కు కలిపి, ఫోన్ సెట్టింగులలో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే, ఫోన్‌లోని ఇంటర్నెట్ ల్యాప్‌టాప్‌కు అందుతుంది. తీగ డేటాను కూడా పంపగలిగేదై ఉండాలి. ఆనాటి పని గడిచిన తరువాత నిదానంగా కార్డు సంగతి చూడవచ్చు.

తరువాత చూడవలసినది ఆపరేటింగ్ సిస్టమ్. విండోస్ ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8న, విండోస్ 7కు 2020 జనవరి 14న, విండోస్ 10కి 2025 అక్టోబర్ 14న తయారీ సంస్థ సాధారణ మద్దతు ముగిసింది. ప్రత్యేకంగా నమోదు చేసుకుంటే తప్ప విండోస్ 10కి భద్రతా సవరణలు రావు. ఎంత మంచి వైఫై కార్డు పెట్టినా ఈ లోపం తీరదు. ఆధార్, బ్యాంకు వివరాలు నమోదు చేసే యంత్రానికి ఇది చిన్న విషయం కాదు. ముఖ్యమైన ఫైళ్లను వేరొక చోట భద్రపరచుకొని, ఉచితంగా లభించే లైనక్స్‌ను వేయించడం ఒక పరిష్కారం. యంత్రం అందుకు కూడా తగనంత పాతదైతే కార్డు మీద డబ్బు పెట్టకపోవడమే మేలు.

ఇక వైఫైని చేర్చే మార్గాలు మూడు. అన్నిటికన్నా సులభమైనది యూఎస్‌బీ రంధ్రంలో పెట్టే చిన్న వైఫై డాంగిల్. యంత్రాన్ని విప్పనక్కరలేదు; రేపు మరో ల్యాప్‌టాప్ కొన్నా దీనిని దానికి వాడుకోవచ్చు. పాత యూఎస్‌బీ 2.0 గరిష్ఠ వేగం సెకనుకు 480 మెగాబిట్లు. దరఖాస్తులకు, ఆన్‌లైన్ పాఠాలకు ఇది సరిపోతుంది.

రెండవది పక్కన ఉండే స్లాట్‌లో దూర్చే కార్డు. పొరపాట్లు ఎక్కువగా జరిగేది ఇక్కడే. 1995లో వచ్చిన కార్డ్‌బస్, 2003లో వచ్చిన ఎక్స్‌ప్రెస్‌కార్డ్ వేర్వేరు. ఒకదాని స్లాట్‌లో మరొకటి పనిచేయదు. కార్డ్‌బస్ వెడల్పు 54 మిల్లీమీటర్లు. ఎక్స్‌ప్రెస్‌కార్డ్ 34, 54 మిల్లీమీటర్ల రెండు వెడల్పులలో వస్తుంది. స్లాట్ 54 మిల్లీమీటర్లు ఉన్నంత మాత్రాన అది ఏదో చెప్పలేము. యంత్రపు మోడల్ సంఖ్యను బట్టి నిర్ధారించుకోండి. కార్డు తేలికగా వెళ్లకపోతే బలవంతంగా నెట్టవద్దు. లోపలి సూదులు వంగిపోతాయి.

మూడవది యంత్రం లోపలి కార్డును మార్చడం. కాలాన్ని బట్టి అక్కడ మినీ పీసీఐ, మినీ పీసీఐ ఎక్స్‌ప్రెస్, ఎం.2 అనే రకాలుంటాయి. ఛార్జర్, బ్యాటరీ తీయకుండా విప్పరాదు. కార్డు మీద ఉండే సన్నని తీగలు యాంటెనాకు చెందినవి; వాటిని తిరిగి కలపకపోతే సిగ్నల్ అందదు. కొన్ని యంత్రాలు తయారీదారు ఆమోదించని కార్డులను అంగీకరించవు. అందువల్ల ఈ పనిని అనుభవజ్ఞుడైన మెకానిక్‌కు వదలడం మంచిది.

ప్రింటర్, వేలిముద్ర యంత్రం వంటివాటికి రంధ్రాలు చాలకపోతే యూఎస్‌బీ హబ్ వాడవచ్చు. ఎక్స్‌ప్రెస్‌కార్డ్ ద్వారా యూఎస్‌బీ 3.0 రంధ్రాలను కూడా చేర్చవచ్చు. కాని యూఎస్‌బీ 3.0 వేగం సెకనుకు 5 గిగాబిట్లయితే, ఆ స్లాట్ సాధారణంగా 2.5 గిగాబిట్లనే మోయగలదు. ఎక్కువ విద్యుత్తు కోరే హార్డ్ డిస్కుకు వేరే అడాప్టర్ కావాలి.

ఏ మార్గమైనా భద్రత విషయంలో రాజీ పడరాదు. మరీ పాత కార్డులకు డబ్ల్యూఈపీ అనే రక్షణ పద్ధతి మాత్రమే తెలుసు. దానిని ఛేదించవచ్చని 2001లోనే రుజువైంది. పాత కార్డు కలవడం కోసం ఇంటి రౌటర్‌ను ఆ పద్ధతికి మార్చితే, ఇంట్లోని ఫోన్లన్నీ అదే ప్రమాదంలో పడతాయి. కొత్తగా కొనే కార్డుకు కనీసం డబ్ల్యూపీఏ-2 ఉండాలి. 2006 మార్చి నుండి వైఫై ధ్రువీకరణ పొందే కొత్త పరికరాలకు ఇది తప్పనిసరి.

దుకాణానికి వెళ్లేటప్పుడు ల్యాప్‌టాప్‌ను వెంట తీసుకువెళ్లండి. మీ ఆపరేటింగ్ సిస్టమ్‌కు డ్రైవర్ లభిస్తుందా అని అడగండి. అక్కడే అమర్చి, ఒక వెబ్‌సైట్ తెరిచి చూడండి. పనిచేయకపోతే తిరిగి తీసుకుంటారా అన్నది ముందే తేల్చుకోండి. డబ్బు ఇచ్చాక "పక్కీ పావతీ ద్యా" అని అడిగి రసీదు పుచ్చుకోండి. వారంటీకి అదే ఆధారం.

తీసివేసిన కార్డును, ఉబ్బిన బ్యాటరీని చెత్తబుట్టలో వేయకండి. 2023 ఏప్రిల్ 1 నుండి అమలులో ఉన్న ఈ-వ్యర్థాల నియమాల ప్రకారం పాత ఎలక్ట్రానిక్ సామగ్రి నమోదిత పునశ్శుద్ధి కేంద్రాలకు చేరాలి. బ్యాటరీలకు వేరే నియమాలున్నాయి. ల్యాప్‌టాప్‌నే ఇచ్చివేస్తున్నట్లయితే, అందులోని ఆధార్ ప్రతులను, బ్యాంకు పత్రాలను పూర్తిగా తుడిచివేసిన తరువాతనే చేయి దాటనివ్వండి.